రేకు కోస్తే లేచేది ఉత్త దుమ్మేనా?

పశువుల కొట్టం, పట్టుపురుగుల షెడ్డు, వెనకింటి వంటగది, రోడ్డు పక్క టీకొట్టు... గంగవరం, పలమనేరు చుట్టుపక్కల పల్లెల్లో వీటిలో చాలావాటికి కప్పు ఒకటే. బూడిదరంగు సిమెంటు రేకు! చవక. తుప్పు పట్టదు. చెదలు తినవు. బోదకొట్టం నుంచి గట్టి కప్పుకిందికి మారాలనుకున్న పేదింటికి అందుబాటులో ఉన్నది అదే.

గాలివానకి రెండు రేకులు పగిలాయనుకోండి. మేస్త్రీ వస్తాడు. కటింగ్ మిషన్‌తో కొత్త రేకును సైజుకి కోస్తాడు. బోల్టుల కోసం బెజ్జాలు వేస్తాడు. తెల్లటి దుమ్ము లేస్తుంది. ముఖానికి తువ్వాలు చుట్టుకున్న కూలీ, కింద నిలబడి చూసే పిల్లలు, తర్వాత చీపురుతో ఊడ్చే ఇల్లాలు... అందరూ పీల్చేది ఆ దుమ్మే. అందులో ఉండేది సిమెంటు ఒక్కటే కాదు. ఆస్బెస్టాస్ కూడా. తెలుగులో చెప్పాలంటే రాతినార.

మన దగ్గరి ఖనిజమే

ఈ నార మనకు కొత్తదేం కాదు. కడప జిల్లా పులివెందుల ప్రాంతంలో, బ్రాహ్మణపల్లె వంటి చోట్ల భూమిలోనే దొరుకుతుంది. డోలమైటు రాతి పొరల్లోకి ఒకనాడు కరిగిన శిలాద్రవం చొచ్చుకొచ్చిన చోట ఏర్పడిన తెల్లని నార అది. ఒకప్పుడు తవ్వి తీసేవారు. 1986లో కేంద్రం కొత్త లీజులివ్వడం, 1993లో పాతవాటిని పొడిగించడం ఆపేసింది.

తవ్వకం ఆగింది కానీ వాడకం ఆగలేదు. దేశంలోని రేకుల ఫ్యాక్టరీలు రష్యా వంటి దేశాల నుంచి నారను దిగుమతి చేసుకుంటున్నాయి. మామూలుగా రేకులో దీని వాటా పదిశాతం లోపే. నిప్పుకి కాలని, లాగితే తెగని గుణాన్ని రేకుకి ఇచ్చేది ఇదే.

బ్రిటన్ దీన్ని 1999లో, ఐరోపా యూనియన్ 2005లో నిషేధించాయి. అమెరికా 2024లో తెల్ల ఆస్బెస్టాస్‌ను నిషేధిస్తూ నిబంధన తెచ్చింది. మన దగ్గర నిషేధం లేదు. అందుకే జాగ్రత్త ఎవరు తీసుకోవాలి, తీసుకోకపోతే బాధ్యత ఎవరిదన్న ప్రశ్నలు మనకు ముఖ్యం.

ఊపిరిలో గుచ్చుకుంటే...

కప్పు మీద కదలకుండా ఉన్న మంచి రేకుతో పెద్ద భయం లేదు. కోసినా, పగలగొట్టినా, బెజ్జం వేసినా, పాతబడి పైపొర రాలినా నార గాల్లో కలుస్తుంది. ఆ పోగులు కంటికి కనిపించనంత సన్నం. ఊపిరితిత్తుల్లో దిగితే శరీరం వాటిని అంత తేలిగ్గా బయటికి నెట్టలేదు. కాలక్రమంలో ఊపిరితిత్తులు గట్టిపడి ఆయాసం వస్తుంది. దీన్నే ఆస్బెస్టాసిస్ అంటారు. ఊపిరితిత్తుల క్యాన్సర్, వాటిని చుట్టి ఉండే పొరకు వచ్చే మెసోథీలియోమా అనే క్యాన్సర్ కూడా రావచ్చు. బీడీ, సిగరెట్ అలవాటుంటే ఊపిరితిత్తుల క్యాన్సర్ ముప్పు ఎన్నోరెట్లు పెరుగుతుంది. అన్ని రకాల ఆస్బెస్టాస్ క్యాన్సర్ కారకమేనన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ మాట. పనిచోట పీల్చిన ఆస్బెస్టాస్ వల్ల ప్రపంచంలో ఏటా రెండు లక్షల మందికి పైగా చనిపోతున్నారని ఆ సంస్థ అంచనా.

ఇంగ్లండులోని రోచ్‌డేల్‌లో ఆస్బెస్టాస్ నూలు వడికిన నెల్లీ కెర్షా 1924లో చనిపోయారు. వయసు 33 ఏళ్లే. ఆమె కేసును డాక్టర్ విలియం కుక్ వైద్యపత్రికలో రాశాకే లోకానికి ఈ జబ్బు తెలిసొచ్చింది. ఆమె కుటుంబానికి మాత్రం పరిహారం దక్కలేదు. అలాంటి మరణాల తర్వాతే 1931లో బ్రిటన్ తొలి ఆస్బెస్టాస్ నిబంధనలు తెచ్చింది.

నలభై ఏళ్ల రికార్డు ఎందుకు?

మన సుప్రీంకోర్టు 1995 జనవరి 27న ఒక కీలక తీర్పు ఇచ్చింది. కన్జ్యూమర్ ఎడ్యుకేషన్ అండ్ రీసెర్చ్ సెంటర్ వేసిన కేసది. ఆరోగ్యం కార్మికుడి ప్రాథమిక హక్కని చెబుతూ, ఆస్బెస్టాస్ పరిశ్రమలు ప్రతి కార్మికుడి ఆరోగ్య రికార్డునూ పనిలో చేరిన నాటి నుంచి 40 ఏళ్లు లేదా పని మానేశాక 15 ఏళ్లు, ఏది ఎక్కువైతే అంతకాలం భద్రపరచాలని ఆదేశించింది. జబ్బు ఉందని తేలినవారికి లక్ష రూపాయల పరిహారం ఇవ్వాలంది.

అన్నేళ్లు ఎందుకంటే, ఈ జబ్బులు బయటపడటానికి సాధారణంగా ఇరవై, ముప్పై ఏళ్లు, కొన్నిసార్లు ఇంకా ఎక్కువే పడుతుంది. పాతికేళ్ల వయసులో పీల్చిన దుమ్ము యాభై దాటాక పలుకుతుంది. అప్పటికి ఫ్యాక్టరీ మూతపడి ఉండొచ్చు. కాగితం ఉంటేనే కార్మికుడి మాటకు విలువ.

ఫ్యాక్టరీల చట్టం స్థానంలో 2025 నవంబరు 21న వృత్తి భద్రత, ఆరోగ్యం, పని పరిస్థితుల కోడ్ అమల్లోకి వచ్చింది. దీని ప్రకారం పనిలోని ప్రమాదాల గురించి కార్మికుడికి చెప్పడం, శిక్షణ ఇవ్వడం యజమాని విధి. నిబంధనల్లో పేర్కొన్నవారికి ఏటా ఉచిత వైద్యపరీక్ష చేయించాలి. ఆస్బెస్టాసిస్ వంటి జబ్బు బయటపడితే యజమానీ, పరీక్షించిన డాక్టరూ అధికారులకు తెలపాలి.

చట్టం చేరని చోటు

అసలు చిక్కు ఇక్కడే ఉంది. పదిమంది కంటే తక్కువ కూలీలతో సాగే నిర్మాణపనులు, యాభై లక్షల లోపు ఖర్చుతో సొంతానికి కట్టుకునే ఇళ్లు ఆ కోడ్‌లోని భవన నిర్మాణ పని నిర్వచనంలోకి రావు. పల్లెలో ముగ్గురు కూలీలతో కొట్టానికి రేకులు మార్పించడం సరిగ్గా అలాంటి పనే. అక్కడికి ఇన్‌స్పెక్టరు రాడు. శిక్షణా ఉండదు. కూలీ ఊపిరిని కాపాడాల్సింది పని చేయించే మేస్త్రీ, చేయించుకునే ఇంటివాళ్లే.

పని పెట్టుకుంటే...

* చూపుతో రేకులో నార ఉందో లేదో తేల్చలేం. ల్యాబులోనే తెలుస్తుంది. అనుమానముంటే ఉన్నట్టే అనుకోండి. ఇనుప రేకులతో ఈ బెడద లేదు.
* కావలసిన సైజు రేకే తెచ్చుకుంటే కోసే పని తప్పుతుంది. కోయాల్సివస్తే నీళ్లతో తడిపి, ఆరుబయట, చేతిరంపంతో కోయించండి. కటింగ్ మిషన్ వద్దు.
* తువ్వాలు, గుడ్డమాస్కు ఈ నారను ఆపలేవు. సన్నని ధూళిని ఆపే ఫిల్టరున్న రెస్పిరేటర్ కావాలి.
* రేకు మీద నేరుగా కాలు పెట్టనివ్వకండి. పగిలి కిందపడేవాళ్లు ఉన్నారు. పలకలు వేసి నడవాలి.
* దుమ్మును పొడి చీపురుతో ఊడవకండి. తడిగుడ్డతో తుడవండి. పాత రేకును బ్రష్షుతో గీకకండి.
* పగిలిన ముక్కల్ని దారిలో గుంతలు పూడ్చడానికి వాడకండి. తడిపి, మందపాటి ప్లాస్టిక్ సంచిలో కట్టి, పారవేయడం ఎలాగో పంచాయతీవాళ్లనడగండి.
* పని చేసినవారి బట్టలు దులపకుండా విడిగా ఉతకాలి. ఆ బట్టల మీది నారతోనే జబ్బుపడిన ఇల్లాళ్లు, పిల్లలు ఎన్నో దేశాల్లో ఉన్నారు.

రేకుల పని, రేకుల ఫ్యాక్టరీ పని ఎన్నేళ్లు చేశారో డాక్టరుకు చెప్పడం మరవకండి. ఆయాసమనగానే ఉబ్బసమో క్షయో అనుకుని మందులు మింగేవారు తక్కువేం కాదు. ఎక్కడ, ఏయే సంవత్సరాల్లో పనిచేశారో ఒక కాగితం మీద రాసి, పాత పేస్లిప్పులు, గుర్తింపు కార్డులతో కలిపి దాచుకోండి. ఖర్చు లేని పనే. కానీ ముప్పై ఏళ్ల తర్వాత వైద్యానికీ, పరిహారానికీ ఆసరా అయ్యేది అదే.