ఋణసంఖ్యలకు సంవర్గమానము కలదా?

సంవర్గమాన పట్టికలను త్రిప్పిచూచిన విద్యార్థి అందు ఋణసంఖ్యలకు స్థానము లేకుండుట గమనించియే యుండును. ఏల లేదు? ఈ విషయమై 1712, 1713 సంవత్సరములలో లైబ్నిట్జ్, యోహాన్ బెర్నూలీ అను ఉద్దండు లిరువురు లేఖల మూలమున వాదించుకొనిరి. −1 వర్గము 1. 1 యొక్క సంవర్గమానము సున్న. కావున −1 సంవర్గమానమునకు రెండింతలు సున్న, అదియు సున్నయే యనుట బెర్నూలీ పక్షమున చెప్పదగిన యుక్తి. చూచుటకు నిర్దుష్టముగనే యున్నది! లైబ్నిట్జ్ మాత్ర మట్టి సంవర్గమానము వాస్తవసంఖ్య కానేరదనెను.

1751లో ముద్రితమైన వ్యాసమున ఆయిలర్ ఈ తగవు తీర్చెను. నేటి రీతిని చెప్పవలెనన్న, సంకీర్ణసంఖ్యను సమతలముపై నొక బిందువుగా భావింపుడు. మూలబిందువునుండి దాని దూరమునకు సహజ సంవర్గమానము తీసిన వాస్తవభాగము వచ్చును. ధనాక్షముతో నది చేయు కోణము, రేడియనులలో, కల్పితభాగము. కోణమునకు పూర్ణభ్రమణమును, అనగా 6.2832ను, ఎన్నిమారులు కలిపినను బిందువు కదలదు; సంవర్గమానము మాత్రము మాఱును. కనుక ఒక్కొక్క సంఖ్యకు సంవర్గమానము లనంతములు.

కంప్యూటరు అన్నింటిని చెప్పజాలదు గదా! పైథాన్ భాషలో ‘మాత్’ అను భాండారమును −1 సంవర్గమాన మడిగినచో దోషమని త్రోసివేయును. ‘సీమాత్’ నడిగినచో కల్పితభాగము 3.1416 అని చెప్పును. −3.1416 కంటె నెక్కువయై, 3.1416ను మించని కోణము నెన్నుకొనుట నియమము.

స్వయముగా లెక్క వ్రాయువా రొకచోట జాగరూకులు కావలెను. వాస్తవభాగము 3, కల్పితభాగము 4 అయిన దూరము 5, దాని సంవర్గమానము 1.6094, కోణము 0.9273. ఇక −3, −4 తీసికొనుడు. రెండవదానిని మొదటిదానిచే భాగించినచో ఋణచిహ్నములు రెండును పోయి, మరల 0.9273 కోణమే వచ్చును. నిజమైన కోణము −2.2143! అందులకే చిహ్నములను విడివిడిగా పరిశీలించు ‘ఎటాన్2’ అను ప్రమేయము కల్పింపబడినది.

బెర్నూలీ పక్షపు యుక్తిని ఇప్పుడు యంత్రముపై పరీక్షింపుడు. −1 సంవర్గమానమును రెండింతలు చేసిన కల్పితభాగము 6.2832, −1 వర్గమైన 1కి సంవర్గమాన మడిగిన సున్న. లబ్ధము సంవర్గమానము, సంవర్గమానముల మొత్తమునకు సమానమని మనము కంఠస్థము చేసిన సూత్ర మిచట ఒక పూర్ణభ్రమణముచే తప్పినది. యంత్రముయొక్క దోషము కాదు. అనంతములలో నొక్కదానినే యెన్నుకొన్న ఫలము.

పై నియమమునకును ఒక మినహాయింపు కలదు. కంప్యూటరులో సున్నకును చిహ్నముండును. −1కి కల్పితభాగముగా ఋణసున్న నొసగినచో, అదే ‘సీమాత్’ −3.1416 అని బదులు చెప్పును. బిందువు క్రిందివైపునుండి అక్షమును చేరినదని దాని భావము.