పోచారం ఎవరిది?



దసరా సెలవులకు ఇంటికి చుట్టాలు వచ్చారనుకోండి. రెండు రోజులు సకినాలతో, కబుర్లతో గడిచిపోతాయి. మూడోనాడు పొద్దున చాయ్ గ్లాసు పట్టుకుని ఎవరో ఒకరు అడుగుతారు, "ఇక్కడ చూడదగ్గవి ఏమున్నాయి?" అని. మా ఇంట్లో గొడవ సరిగ్గా అక్కడే మొదలవుతుంది. నా పుట్టిల్లు కామారెడ్డి పక్కన రామారెడ్డి. అత్తవారిది నిజామాబాదు. మా అత్తమ్మ నోట ఇప్పటికీ అది ఇందూరే. ఆడబిడ్డను మెదక్‌లో ఇచ్చాం. "మా చర్చి చూడటానికి ఎక్కడెక్కడి నుంచో వస్తరు వదినా" అంటుంది ఆమె. "ఖిల్లా రామాలయం చూపకుండ పంపుతరా?" అని అత్తమ్మ. నేను మాత్రం ఊరుకుంటానా? మా కాలభైరవ స్వామినీ, దోమకొండ కోటనూ ముందు పెడతాను. మేం తేల్చుకునేలోపల చుట్టాలు టీవీ ముందు కూర్చుంటారు.

ఇది మా ఇంటి ముచ్చట ఒక్కటే కాదండీ. నిజామాబాదు, కామారెడ్డి, మెదక్ మూడూ హైదరాబాదంత పెద్దవీ కావు, పల్లెలంత చిన్నవీ కావు. ఇలాంటి నడిమి ఊళ్ళకే ఒకదాని మీద ఒకదానికి కన్ను ఎక్కువ. హైదరాబాదుతో ఎవరూ పోటీ పెట్టుకోరు. పక్కింటావిడ కొత్త చీర మీదనే కదా మన చూపంతా! 2022లో మెదక్‌కు రైలు వచ్చేదాకా "మీ ఊరికి రైలే లేదు" అని ఆడబిడ్డను ఏడిపించేవాళ్ళం. 2025లో నిజామాబాదుకు పసుపు బోర్డు వచ్చినప్పుడు మా కామారెడ్డి వాళ్ళు "మా బెల్లానికేం తక్కువ?" అనుకున్నారు.

ఈ పోటీకి కొత్త పదును 2016 అక్టోబర్ 11న వచ్చింది. అంతవరకు కామారెడ్డి, నిజామాబాదు జిల్లాలో ఒక పట్టణం. ఆనాడు వేరు జిల్లా అయింది. అన్నదమ్ములు వేరు కాపురం పెట్టినప్పుడు గిన్నెలూ చెంబులూ పంచుకున్నట్టు, చూడదగ్గ చోట్లు కూడా పంపకంలోకి వచ్చాయి. నిజాంసాగర్, దోమకొండ కోట, కౌలాస్ కోట, భిక్కనూరు సిద్ధరామేశ్వరాలయం, మా రామారెడ్డి కామారెడ్డి వాటాకు పోయాయి. ఖిల్లా, డిచ్‌పల్లి రామాలయం, అలీసాగర్, లింబాద్రి గుట్ట నిజామాబాదు దగ్గరే ఉండిపోయాయి. బాసర సంగతి తమాషా. అది మొదట ఆదిలాబాదుది, ఇప్పుడు నిర్మల్ జిల్లాది. అయినా గోదావరి దాటగానే వచ్చే ఊరు గనుక ఇందూరు వాళ్ళు సరస్వతమ్మను తమ ఇంటి దేవతలాగే చెప్పుకుంటారు.

పంపకంలో తేలనిది పోచారం. మంజీరలో కలిసే వాగు మీద 1922లో పూర్తయిన ఆనకట్ట అది. కాగితం మీద కామారెడ్డి జిల్లా నాగిరెడ్డిపేట మండలంలో ఉంది. దాని నీళ్ళు పారేది నాగిరెడ్డిపేట, ఎల్లారెడ్డి పొలాలకు. చూడవచ్చే జనం మాత్రం ఎక్కువగా మెదక్ నుంచి వస్తారు, అక్కడి నుంచి పట్టున పదిహేను కిలోమీటర్లే గనుక. చుట్టూ ఉన్న అడవి ఒకప్పుడు నిజాం వేటకు వెళ్ళిన చోటు. 1952లో దాన్ని అభయారణ్యం చేశారు. అది రెండు జిల్లాల్లోకీ పరుచుకుని ఉంది. జింకకు తాను ఏ జిల్లాలో గడ్డి మేస్తున్నదీ తెలియదు కదా. మా ఆడబిడ్డ "మా పోచారం" అంటుంది, నేను "మా పోచారం" అంటాను.

2025 ఆగస్టు చివర్లో మా వైపు కుండపోత వాన కురిసింది. రైలు పట్టాల కింద మట్టి కొట్టుకుపోయింది, హైదరాబాదు రోడ్డు తెగింది. పోచారం కట్ట మీదుగా నీళ్ళు దూకుతుంటే, కట్ట నిలుస్తుందా లేదా అని కింది పల్లెల వాళ్ళు ప్రాణాలు అరచేతిలో పెట్టుకున్నారు. ఆ రాత్రి ఆడబిడ్డ ఫోను చేసి "మా పోచారం" అనలేదు. "పోచారం ఎట్లున్నది వదినా?" అంది. నూరేళ్ళు దాటిన ఆ కట్ట నిలబడింది.

నిజాంసాగర్ కథా అలాంటిదే. మంజీర మీద అచ్చంపేట, బంజేపల్లి గ్రామాల నడుమ 1923లో మొదలుపెట్టి 1931కి కట్టారు. కట్టించిన ఇంజనీరు నవాబ్ అలీ నవాజ్ జంగ్ బహద్దూర్. కట్ట పొడుగు సుమారు మూడు కిలోమీటర్లు, దాని మీద బండ్లు పోయే రోడ్డు కూడా ఉంది. రెండు లక్షల డెబ్బై అయిదు వేల ఎకరాలకు నీళ్ళివ్వాలని లెక్క వేశారు. ఆ నీళ్ళ మీద చెరుకు పండింది. ఆ చెరుకు మీద బోధన్‌లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ వెలిసింది, 2015లో మూతపడింది. అంటే ఆనకట్ట నేడు కామారెడ్డిది, దాని వల్ల బతికిన బోధన్ నిజామాబాదుది. ఇక మంజీర నీళ్ళను పైనే ఆపే సింగూరు పాత మెదక్ జిల్లాది, నేడు సంగారెడ్డి జిల్లాలో ఉంది. సింగూరు నీళ్ళు హైదరాబాదు కుళాయిల్లోకి పోతుంటే మా రైతులు ఎన్నాళ్ళు గోల పెట్టారో! మీరు చూడబోతే వానాకాలం చివర చూడండి. వానలు లేని ఏడు అక్కడ బురదా, రాళ్ళూ తప్ప మరేం కనపడవు.

ఇంతకీ ఈ పోటీ వల్ల ఎవరికేం నష్టం అంటారా? లెక్క చెబుతాను వినండి. హైదరాబాదు నుంచి ఒక కుటుంబం కారులో బయలుదేరి దోమకొండ చూసిందనుకోండి. చూడదగ్గ కోటే అది. బాగుచేసిన తీరుకు 2022లో యునెస్కో ఆసియా పసిఫిక్ వారసత్వ పురస్కారాల్లో మెరిట్ అవార్డు వచ్చింది. గంటన్నర చూస్తారు, ఫొటోలు దిగుతారు, వెనక్కు వెళ్ళి పెద్దరోడ్డు మీద హోటల్లో తింటారు, దీపాలు పెట్టేవేళకు ఇల్లు చేరతారు. ఆ ఊరికి మిగిలిందేమిటి? మహా అయితే నాలుగు చాయలు. అదే కుటుంబం రాత్రి కామారెడ్డిలో ఆగితే గది అద్దె, రెండు పూటల భోజనం, ఆటో కిరాయి, పోయేటప్పుడు రెండు కిలోల బెల్లం. ఊరికి డబ్బు చూసిపోయేవాళ్ళ వల్ల రాదు, ఆగేవాళ్ళ వల్ల వస్తుంది. మరి జనం ఎందుకు ఆగరు? ఏ ఒక్క ఊరికీ రెండు రోజులకు సరిపడా సరుకు విడిగా లేదు కాబట్టి. మూడింటినీ కలిపితే మూడు రోజులకు చాలుతుంది. కాని జిల్లాల వారీ జాబితా తీసి చూడండి, దోమకొండ ఉన్నచోట మెదక్ చర్చి ఉండదు, చర్చి ఉన్నచోట డిచ్‌పల్లి ఉండదు. వచ్చేవాడికి మాత్రం అవన్నీ ఒకే దారిలో ఉన్నాయి.

ఇరుగుపొరుగు ఊళ్ళ పంతం మన దగ్గరే అనుకోకండి. అమెరికాలో మిన్నియాపొలిస్, సెయింట్ పాల్ అని పక్కపక్కనే రెండు పట్టణాలున్నాయి. 1890 జనాభా లెక్కల్లో "మా ఊరే పెద్దది" అనిపించుకోవాలని రెండూ దొంగ పేర్లు రాయించాయట. శ్మశానంలోనూ, రైల్వేస్టేషన్లోనూ వందలమంది కాపురముంటున్నట్టు లెక్కకెక్కించారు! చివరకు మళ్ళీ లెక్కపెట్టాల్సి వచ్చింది. ఇప్పుడు ఆ రెంటినీ కలిపి జంట నగరాలనే అంటారు, మన హైదరాబాదు సికింద్రాబాదుల్లాగా.

మా రామారెడ్డి సంగతి చెప్పకపోతే పుట్టింటివాళ్ళు నన్ను గుమ్మం ఎక్కనివ్వరు. కాలభైరవుడు కాశీకి క్షేత్రపాలకుడు. కాశీకి కొత్వాలు అంటారు. ఆ స్వామి మా దగ్గర వెలిశాడని నమ్మకం. ఒంటినిండా సిందూరంతో నిలబడి ఉంటాడు. కార్తీక బహుళాష్టమికి ఉత్సవాలు. గ్రహబాధలున్నాయని, పిశాచ బాధలున్నాయని రోగులను తీసుకొచ్చేవాళ్ళూ ఉంటారు. వారికి నా మాట ఒక్కటే, స్వామికి మొక్కండి, డాక్టరుకూ చూపించండి. అసలు చెప్పొచ్చేదేమిటంటే, గుడి నిజానికి ఇసన్నపల్లి పొలిమేరలో ఉంది, పేరు రామారెడ్డిది మోగుతుంది. చిన్నప్పుడు బడిలో ఇసన్నపల్లి పిల్లలకూ మాకూ దీని మీద జుట్లు పట్టుకునేంత తగవులు. పెద్దలు బోర్డు మీద రెండు పేర్లూ రాయించారు. కొబ్బరికాయలమ్మే ఆడవాళ్ళు రెండు ఊళ్ళవాళ్ళూ పక్కపక్కనే కూర్చుంటారు. వచ్చేవాళ్ళు పెరిగితే ఇద్దరి గంపలూ ఖాళీ అవుతాయి.

వచ్చేవాళ్ళు పెరిగారు కూడా. 2023 డిసెంబర్ 9 నుంచి తెలంగాణ ఆర్టీసీ పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో మనకు టికెట్టు లేదు. జీరో టికెట్టు పుచ్చుకుని, ఆధార్ కార్డు చూపి ఎక్కుతున్నాం. ఇంతకుముందు ఆయనకు సెలవు దొరకాలి, పర్సు తీయాలి, అప్పుడు గాని ప్రయాణం లేదు. ఇప్పుడు నలుగురు ఆడవాళ్ళం పులిహోర డబ్బా కట్టుకుని బయలుదేరుతున్నాం. కాని రెండు చిక్కులు. సాయంత్రం చివరి బస్సు ఎన్నింటికో ఎక్కేముందే కండక్టరును అడిగి పెట్టుకోవాలి. రెండోది మీకు తెలిసిందే. మరుగుదొడ్డి ఎక్కడుందో తెలియక పొద్దుట్నుంచి గుక్కెడు నీళ్ళు తాగకుండా తిరుగుతాం. చూడదగ్గ చోట్ల గురించి ఎన్ని బోర్డులు పెట్టినా, శుభ్రమైన మరుగుదొడ్డి ఉన్న ఊళ్ళోనే ఆడవాళ్ళు ఇంకో గంట ఆగుతారు. పెద్దలకు ఈ లెక్క ఎవరైనా చెప్పండమ్మా.

పోయినసారి మేం ముగ్గురం రాజీపడి ఒక దారి గీశాం, కావాలంటే రాసుకోండి. పొద్దున్నే నిజామాబాదులో ఖిల్లా. రామాలయంతో పాటు అక్కడ పాత జైలు ఉంది, నిజాం రోజుల్లో దాశరథి కృష్ణమాచార్యులుగారిని బంధించిన చోటు. అక్కడి నుంచి డిచ్‌పల్లి. వందకు పైగా మెట్లు, మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళు మెల్లగా ఎక్కండి. గోడల మీది కొన్ని బొమ్మల వల్ల దాన్ని ఇందూరు ఖజురహో అంటారు, అత్తగార్లతో వెళ్ళేవాళ్ళు శిఖరం వైపు చూస్తూ నడవండి. మధ్యాహ్నానికి రామారెడ్డి, రాత్రికి కామారెడ్డి. రెండోనాడు ఎల్లారెడ్డి మీదుగా పోచారం, అక్కడి నుంచి మెదక్. చర్చికి ఎండ ఉండగానే చేరండి. రంగు అద్దాల కిటికీల్లో క్రీస్తు జననం, శిలువ, ఆరోహణం బొమ్మలు బయటి వెలుతురు పడితేనే కళకళలాడతాయి, పొద్దుగూకితే ఏమీ తెలియవు. కరువు రోజుల్లో జనానికి పని చూపించి అన్నం పెట్టాలని పాస్నెట్ దొరగారు కట్టించిన చర్చి అది. 1924 క్రిస్మస్ నాడు తెరిచారు. గోపురం ఎత్తు సుమారు 175 అడుగులు.

ఈ దారిలో మా అత్తమ్మకు నచ్చనిది ఒక్కటే, రాత్రి బస కామారెడ్డిలో పెట్టడం. "ఇందూర్ల ఉండనియ్యరా?" అని ఇప్పటికీ సణుగుతుంది. ఈసారి కార్తీక బహుళాష్టమికి ఆడబిడ్డ రామారెడ్డి వస్తానంది. వచ్చే దారిలో పోచారం దగ్గర దిగి, కట్ట చూసి, ఆ తర్వాతే మా ఇంటికి వస్తుందట.