బేస్‌బాల్ ఎలాంటి దేహాన్ని కోరుతుంది?

నిజామాబాద్ జిల్లా గత పదిహేనేళ్ళలో దేశానికి అందించిన క్రీడాకారులను ఒక వరుసలో ఊహించుకుంటే, దేహదారుఢ్యం అనేది ఒకే గుణం కాదని ఇట్టే తెలిసిపోతుంది. 2022లో ఇస్తాంబుల్‌లోనూ 2023లో ఢిల్లీలోనూ ప్రపంచ బాక్సింగ్ ఛాంపియన్‌గా నిలిచిన నిఖత్ జరీన్, కామన్వెల్త్ క్రీడల్లో రెండుసార్లు కాంస్యం గెలిచిన బాక్సర్ మహమ్మద్ హుసాముద్దీన్, హాకీలో యెండల సౌందర్య, ఫుట్‌బాల్‌లో గుగులోత్ సౌమ్య, 2014 మే 25న పద్నాలుగేళ్ళు నిండకముందే ఎవరెస్టు ఎక్కిన పాకాల గ్రామపు మాలావత్ పూర్ణ, అందరూ ఈ గడ్డ బిడ్డలే అయినా, ఒకరి ఆటకు తగినట్లు తయారైన శరీరం మరొకరి ఆటకు యథాతథంగా పనికిరాదు. ఈ వరుసలో బేస్‌బాల్ ఆటగాడికి చోటెక్కడ అన్నదే ఇక్కడి ప్రశ్న. పాఠశాల క్రీడల జాబితాలో సాఫ్ట్‌బాల్‌తో పాటు ఈ ఆట కూడా ఉన్నా, 2028 లాస్ ఏంజెలిస్ ఒలింపిక్స్‌లో క్రికెట్‌తో పాటు ఇదీ తిరిగి అడుగుపెడుతున్నా, తెలుగు పాఠకులకు దీని లోతు తెలిసే అవకాశం తక్కువగానే దొరికింది.

బేస్‌బాల్ ఆటగాడు నిజంగా క్రీడాకారుడేనా అన్న అనుమానం అమెరికాలోనే చాలా పాతది. ఆ ఆటకు తలమానికమైన బేబ్ రూత్ బొజ్జ పెంచినవాడు. మన కాలపు సి.సి. సబాథియా నూట ముప్పై కిలోలకు పైగా బరువుతో బంతులు విసిరినవాడు. మూడు గంటలు సాగే మ్యాచ్‌లో బంతి నిజంగా కదిలే సమయమంతా కూడితే సుమారు 18 నిమిషాలేనని 2013లో వాల్ స్ట్రీట్ జర్నల్ పత్రిక లెక్కగట్టింది. మూడేసి నిమిషాల మూడు రౌండ్లలో ఊపిరి తీసుకోవడానికి నిమిషం మాత్రమే విరామం దొరికే నిఖత్ జరీన్ పోరుతోనో, మ్యాచ్‌కు పది కిలోమీటర్ల దాకా పరుగెత్తే ఫుట్‌బాల్ ఆటగాళ్ళ శ్రమతోనో పోలిస్తే, ఓర్పు విషయంలో బేస్‌బాల్ కింది మెట్టునే ఉందని ఒప్పుకోక తప్పదు. పొద్దు పొడిచింది మొదలు పొద్దుగూకేదాకా చెరుకు కొట్టగలవాణ్ణే గట్టివాడిగా లెక్కించే బోధన్ ప్రాంతపు కంటికి, పది నిమిషాలకొకసారి కదిలే ఆటగాడు సోమరిగా కనిపిస్తే తప్పుపట్టవలసిన పని లేదు. అయితే ఓర్పు అనేది దేహం చేయగలిగిన పనుల్లో ఒకటి మాత్రమే. బేస్‌బాల్ కోరేది దానికి పూర్తిగా భిన్నమైనది: శరీరంలోని శక్తినంతా కూడగట్టి, సెకనులో చిన్న భాగంలో, గురి తప్పకుండా ఒకేసారి విడుదల చేయడం.

ఆ విడుదల పిచ్చర్‌లో, అంటే బ్యాటర్‌కు బంతి విసిరే ఆటగాడిలో, అన్నిటికంటే స్పష్టంగా కనిపిస్తుంది. క్రికెట్ బౌలర్‌కు ఉన్నట్టుగా అతడికి పరుగు ఉండదు. మట్టిదిబ్బ మీద నిలబడి, ముందుకాలు పైకెత్తి, తన ఎత్తుకు కాస్త తక్కువ దూరంలో ఆ కాలిని దిగువకు మోపుతాడు. పాదం నేలను తాకగానే మొదట తుంటి తిరుగుతుంది, దాని వెనుక నడుము, ఆ తర్వాత ఛాతీ తిరుగుతాయి, చేయి మాత్రం ఇంకా వెనుకనే ఉండిపోతుంది. ఆ సాగుదలలో నిండిన శక్తితో చివరికి భుజం విదిలించుకొని తిరిగే వేగం సెకనుకు దాదాపు 7,000 డిగ్రీలు. ఆ వేగం ఒక సెకనుపాటు నిలవగలిగితే చేయి పందొమ్మిది చుట్లు తిరిగేది. మానవ దేహంలో కొలిచిన అత్యంత వేగవంతమైన కదలికల్లో ఇదొకటని శాస్త్రజ్ఞులు చెబుతారు. 2010లో అరోల్డిస్ చాప్‌మన్ విసిరిన బంతి గంటకు 170 కిలోమీటర్ల వేగాన్ని దాటింది. క్రికెట్‌లో షోయబ్ అఖ్తర్ 2003లో నెలకొల్పిన రికార్డు 161.3 కిలోమీటర్లు. మోచేతిని 15 డిగ్రీలకు మించి చాచకూడదన్న నిబంధన క్రికెట్ బౌలర్‌కు ఉంది, పిచ్చర్‌కు లేదు. అందుకే ఫాస్ట్ బౌలర్ గాయాలు తరచుగా నడుములోని వెన్నుపూసల్లో, పిచ్చర్ గాయాలు మోచేతిలో, భుజంలో తేలుతాయి.

మోచేతి లోపలివైపు ఎముకలను కలిపి ఉంచే స్నాయువు ఈ ఒత్తిడికి తెగిపోవడం ఒకప్పుడు ఆటగాడి జీవితానికే ముగింపు. 1974లో డాక్టర్ ఫ్రాంక్ జోబ్ టామీ జాన్ అనే పిచ్చర్ కుడి ముంజేతి నుంచి స్నాయుబంధం తీసి ఎడమ మోచేతిలో అమర్చిన తర్వాత అతడు 1976లో తిరిగి మైదానంలోకి వచ్చి 1989 దాకా ఆడాడు. ఆ శస్త్రచికిత్సకు నేటికీ అతడి పేరే ఉంది. కండబలం పెంచుకోవచ్చు గాని, స్నాయువు బలానికి ఒక హద్దు ఉంటుంది, పిచ్చర్ ప్రతి బంతికీ ఆ హద్దు దగ్గరికే వెళ్ళివస్తాడు. బయటికి బద్ధకంగా కనిపించే ఆటలో ఇంత ప్రమాదం దాగి ఉందన్నది తేలిగ్గా తీసుకోదగ్గ సంగతి కాదు.

బ్యాటర్ పరీక్ష వేరు. పిచ్చర్ నిలబడే చోటు నుంచి బ్యాటర్ ముంగిట ఉండే పలకకు దూరం 18.44 మీటర్లు; గంటకు 150 కిలోమీటర్ల బంతి సుమారు 0.4 సెకన్లలో చేరిపోతుంది. బ్యాట్ తిప్పడానికే అందులో 0.15 సెకన్లు పోగా, ఆడాలా వదలాలా అని తేల్చుకోవడానికి మిగిలేది పావు సెకను. క్రికెట్ బ్యాట్ బల్లపరుపుగా దాదాపు 10.8 సెంటీమీటర్ల వెడల్పు ఉంటే, బేస్‌బాల్ బ్యాట్ 6.6 సెంటీమీటర్లకు మించని గుండ్రటి కర్ర. చిర్రగోనె ఆడిన తెలంగాణ పిల్లలకు గాలిలో ఉన్నదాన్ని గుండ్రటి కర్రతో సూటిగా కొట్టడం ఎంత కష్టమో చెప్పనవసరం లేదు. బాస్కెట్‌బాల్‌లో సాటిలేని మైకేల్ జోర్డాన్ 1994లో బర్మింగ్‌హామ్ బారన్స్ అనే చిన్న జట్టు తరఫున బేస్‌బాల్ ఆడి, సగటున అయిదు ప్రయత్నాలకు ఒక్కసారి మాత్రమే సఫలమయ్యాడు. ఎగిరే శక్తి, వేగం, పట్టుదల అన్నీ ఉన్న దేహం కూడా ఇక్కడ చాలలేదు.

ఎందుకు చాలలేదో 2004లో జరిగిన ఒక ప్రదర్శన పోటీ సూచిస్తుంది. సాఫ్ట్‌బాల్ పిచ్చర్ జెన్నీ ఫించ్ సుమారు 13 మీటర్ల దూరం నుంచి, చేతిని కింది నుంచి తిప్పుతూ విసిరిన బంతులను ఆల్బర్ట్ పూహోల్స్ వంటి మేటి బ్యాటర్లు తాకలేకపోయారు. బంతి చేరడానికి పట్టే సమయం వారికి అలవాటైనదానికి దగ్గరగానే ఉన్నా, పిచ్చర్ భుజం, మణికట్టు తిరిగే తీరు వారికి కొత్త. అంటే బ్యాటర్ బంతిని చూసి స్పందించడం కంటే ముందే, విసిరేవాడి ఒంటి కదలికను చదివి బంతి రాబోయే చోటును అంచనా వేస్తాడు. వేల బంతులు ఎదుర్కొంటేనే ఆ చదువు అబ్బుతుంది. ప్రత్యర్థి భుజం కదలగానే పిడికిలి ఎటు వస్తుందో పసిగట్టే బాక్సర్‌దీ ఇదే విద్య. పిడిగుద్దు బలం కూడా పిచ్చర్ బంతిలాగే పాదంలో పుట్టి తుంటి మీదుగా భుజానికి చేరుతుంది. ఈ లెక్కన బేస్‌బాల్ ఆటగాడికి నిజామాబాద్ వరుసలో దగ్గరి బంధువు నిఖత్ జరీన్, దూరపు బంధువు మాలావత్ పూర్ణ.

ఈ ఆటకు తగిన దేహాలు మన దేశంలోనూ ఉన్నాయి. ఉత్తరప్రదేశ్‌కు చెందిన రింకూ సింగ్, దినేష్ పటేల్ బేస్‌బాల్ ముఖమైనా చూడని జావెలిన్ క్రీడాకారులు. 2008లో ఒక టెలివిజన్ పోటీలో వేగంగా బంతి విసిరి ముందు వరుసలో నిలిచి, అదే ఏడాది పిట్స్‌బర్గ్ పైరేట్స్ జట్టుతో ఒప్పందం కుదుర్చుకున్నారు. విసిరే శక్తి మన పల్లెల్లో కొరవడలేదని, కొరవడింది దాన్ని గుర్తించే కన్నేనని ఈ ఉదంతం చాటుతుంది. బోధన్, బాన్సువాడ, నిజాంసాగర్ పాఠశాలల పీఈటీలు ఆటకు పిల్లలను ఎంచుకునేటప్పుడు పరుగు పందెంలో ముందున్నవారితో పాటు, అందరికంటే దూరం బంతి విసిరే పిల్లనూ, గాలిలోని బంతిని సూటిగా కొట్టే పిల్లవాణ్నీ పక్కకు పిలవాలి. పదకొండు, పన్నెండేళ్ళ పిల్లలు రోజుకు 85 బంతులకు మించి పిచ్ చేయరాదని అమెరికా బేస్‌బాల్ సంస్థలు నిర్దేశించాయి. ఆ హద్దును ఇక్కడి మైదానాల్లో కూడా మొదటి రోజు నుంచే పాటించాలి.