ఓర్వకల్లు: సేవాకేంద్రం నుండి పారిశ్రామిక కేంద్రం దాకా - పరిశీలన

1. ఉపోద్ఘాతం:

ఊరు పట్టణంగా మారడాన్ని సాధారణంగా జనాభాతో కొలుస్తారు. జర్మన్ భూగోళ శాస్త్రవేత్త వాల్టర్ క్రిస్టాలర్ 1933లో ప్రతిపాదించిన కేంద్రస్థాన సిద్ధాంతం మరో కొలమానాన్ని చూపింది. చుట్టుపక్కల పల్లెలకు అందించే సేవలను బట్టి ఊరి స్థాయి నిర్ణయమవుతుందని దాని సారాంశం. కర్నూలు నగరానికి సుమారు 20 కిలోమీటర్ల దూరంలో, నంద్యాల రహదారిపై ఉన్న ఓర్వకల్లును ఈ దృష్టితో పరిశీలించడం ఈ వ్యాస ఉద్దేశం.

2. సేవాకేంద్రంగా ఎదుగుదల:

1985లో మండల వ్యవస్థ వచ్చాక భూమి పత్రాలకూ, ప్రభుత్వ పథకాలకూ పల్లెల ప్రజలు మండల కేంద్రాలకు రావడం మొదలైంది. అయితే పెద్దాసుపత్రికీ, పై చదువులకూ, పెద్ద కొనుగోళ్ళకూ ఓర్వకల్లు ప్రాంతీయులకు కర్నూలే దిక్కు. నగరం చేరువలో ఉండడం చిన్న కేంద్రానికి అవకాశమే కాదు, అవరోధం కూడా.

ఈ అవరోధాన్ని కొంతవరకు అధిగమించినది మహిళా పొదుపు ఉద్యమం. 1990లలో ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం తోడ్పాటుతో ఇక్కడి పొదుపు సంఘాలు బలపడ్డాయి. అవి మండల స్థాయిలో ఐక్య సంఘంగా ఏర్పడి, సభ్యులకు రుణాలివ్వడంతో ఆగక బాలభారతి పాఠశాలను కూడా నెలకొల్పాయి. అంటే ఇక్కడ సేవను పొందేవారే దాని యజమానులయ్యారు.

3. భారీ ప్రాజెక్టుల దశ:

మండలంలోని శకునాల పరిసరాలను కలుపుకొని 1000 మెగావాట్ల సౌరవిద్యుత్ పార్కు 2017లో పూర్తయింది. 2021 మార్చిలో ఉయ్యాలవాడ నరసింహారెడ్డి విమానాశ్రయం ప్రారంభమైంది. హైదరాబాద్-బెంగళూరు కారిడార్‌లో భాగంగా 2,621 ఎకరాల పారిశ్రామిక కేంద్రానికి 2024 ఆగస్టు 28న కేంద్ర మంత్రివర్గం ఆమోదం తెలిపింది.

వీటి స్వభావం వేరు. సౌరఫలకాల నిర్మాణం ముగిశాక వాటి నిర్వహణకు కొద్దిమంది చాలు. విమాన ప్రయాణికుడు ఓర్వకల్లు అంగట్లో అడుగుపెట్టకుండానే కర్నూలు చేరగలడు. పైగా పారిశ్రామిక వాడల్లో ఆస్తిపన్ను వసూలును ప్రత్యేక స్థానిక సంస్థకు అప్పగిస్తే, పంచాయతీకి అందేది అందులో కొంత వాటా మాత్రమే. పెరిగే జనానికి నీరు, పారిశుద్ధ్యం సమకూర్చే భారం మాత్రం పంచాయతీపైనే పడుతుంది.

4. ముగింపు:

సేవాకేంద్రం పల్లెల రాకపోకలతో బతుకుతుంది. చుట్టూ ఉన్న సేద్యం తగ్గి, కొత్త ఉపాధి స్థానికులకు దక్కకపోతే ఊరు విస్తరించినా దాని కేంద్రత్వం క్షీణిస్తుంది. కనుక ఓర్వకల్లు అభివృద్ధిని ఎకరాలతో, మెగావాట్లతో కాక, పల్లెవాసికి కర్నూలు ప్రయాణం ఎన్ని పనులకు తప్పిందన్న ప్రశ్నతో అంచనా వేయడం సమంజసం.