పిల్లి కడుపులో పడుగు

తిరుత్తణి దాటి పళ్లిపట్టు, పొదటూరుపేట, ఆర్‌.కె.పేట వైపు పోతుంటే ఊరు కనబడేలోపే మగ్గం చప్పుడు వినబడుతుంది. ఇప్పుడవి ఎక్కువగా మరమగ్గాలే. ఆంధ్ర సరిహద్దుకు అవతల నగరి, ఏకాంబరకుప్పంలోనూ ఇదే చప్పుడు. చాలా ఇళ్లలో ముందుగదిలో మగ్గం, వెనకగదిలో కాపురం. మంచం కింద కండెల గంప, గోడకు నూలు చిలపలు, గడప దగ్గర ఊడ్చి పోసిన తెగుపోగులు. ఇలాంటి ఇంట్లో పిల్లికి చోటు దొరకడంలో వింతేమీ లేదు. పడుగుకు పట్టించిన గంజి వాసనకు ఎలుకలు వస్తాయి. ఎలుక ఒక్క రాత్రి పళ్లు పెట్టిందంటే, తెగిన పోగులు అతుక్కుంటూ కూర్చోవడానికే మర్నాడు సగం పోతుంది. పిల్లి ఉంటే ఆ బెంగ తగ్గుతుంది. జీతం చారెడు పాలన్నం.

ఆ పిల్లికి వీధికుక్కతో ప్రమాదం, ఎలుకల మందుతో ప్రమాదం. ఈ రెండూ ఇంటిల్లిపాదికీ తెలుసు. దారంతో కూడా అంతే ప్రమాదమంటే మాత్రం నమ్మరు. ఊలు ఉండతో ఆడుకునే పిల్లికూన బొమ్మను క్యాలెండర్ల మీద, పిల్లల పుస్తకాల్లో తరాలుగా చూస్తున్నాం. ఇప్పుడు అదే బొమ్మ ఫోన్లో రీలుగా తిరుగుతోంది. పిల్లి కడుపు కోసి దారం తీసిన పశువైద్యులెవరికీ ఆ రీలు ముద్దుగా అనిపించదు.

నేత ఇళ్ల గొడవేగదా అని తక్కినవాళ్లు పేజీ తిప్పేయనక్కర్లేదు. తిరువళ్లూరు బజారులో మూరల లెక్కన కొనే మల్లెచెండు చాలాసార్లు దారంతో కట్టిందే. అరటినారతో కట్టేవాళ్లూ ఉన్నారు, అది వేరే సంగతి. పూలు వాడి రాలిపోతాయి, దారం మిగులుతుంది. ఆడి కృత్తికకు తిరుత్తణి కొండకు పూలకావళ్లు మోసుకెళ్లే ఇళ్లలోనైతే ఆ వారం మూరలు కాదు, బారలు మిగులుతాయి. హోటలు నుంచి తెచ్చిన సాంబారు కవరు మూతికి దారం, కోడికూర పొట్లానికి దారం. మసాలా, కొవ్వు పట్టిన ఆ దారం పిల్లి ముక్కుకు కూరలో ముక్క కిందే లెక్క. ఇక కుట్టుమిషను సొరుగులో సూదికి గుచ్చి వదిలేసిన దారం, చేతికి కట్టి విప్పేసిన కాశీదారం, సంక్రాంతికి పెరట్లో తెగిపడ్డ గాలిపటం దారం, మిఠాయి డబ్బా మీది జరీ తాడు, జడ రిబ్బను. పిల్లి ఉన్న ఏ ఇంట్లోనైనా ఇందులో సగం దొరుకుతాయి.

కొరకడం పిల్లి ఇష్టం, మింగడం నాలుక పని

నేలమీద పాకే దారం కొసను చూస్తే పిల్లిలో వేటబుద్ధి లేస్తుంది. పొంచడం, దూకడం, పంజాతో నొక్కిపట్టడం, కొరకడం. ఇంతవరకూ అది ఆటే. నోట్లోకి వెళ్లాక మాత్రం వ్యవహారం దాని చేతిలో ఉండదు.

పిల్లి మీ చెయ్యి నాకినప్పుడు గరుకుగా తగిలేది నాలుక మీది ముళ్లు. మన గోళ్లలో ఉండే కెరాటిన్‌తోనే అవి తయారవుతాయి. కొసలన్నీ గొంతు వైపు వంగి ఉంటాయి. 2018లో అమెరికాలోని జార్జియా టెక్ పరిశోధకులు ఇంటిపిల్లి నుంచి పులి, సింహం దాకా ఆరు జాతుల నాలుకలు పరిశీలించారు. ఈ ముళ్ల కొసల్లో చిన్న గుంట ఉంటుందనీ, అందులో లాలాజలం నింపుకుని పిల్లి దాన్ని బొచ్చు మొదళ్ల దాకా చేరవేస్తుందనీ తేల్చారు. ఒళ్లు దువ్వుకోవడానికి, ఎముక మీది మాంసం గీకడానికి ఇంతకు మించిన పనిముట్టు లేదు. కానీ దారం ఆ ముళ్లకు తగులుకుంటే నాలుక కదిలిన ప్రతిసారీ కాస్త కాస్తగా లోపలికే జరుగుతుంది. ఉమ్మేద్దామనుకున్నా పిల్లికి సాధ్యం కాదు, మింగడమొక్కటే దారి.

మింగిన ప్రతి దారమూ ప్రాణం తీస్తుందని కాదు. చిన్న ముక్కలు మలంతో పాటు బయటికి పోతుంటాయి. పొడుగు దారంతోనే చిక్కు. దాని ఒక భాగం ఎక్కడో ఒకచోట ఇరుక్కుంటుంది. పిల్లుల్లో ఆ చోటు తరచుగా నాలుక అడుగు. దారం నడిమి భాగం నాలుక కింద మెలికపడుతుంది, రెండు కొసలూ గొంతులోకి దిగుతాయి. లేదంటే జీర్ణాశయం చివర, చిన్నపేగులోకి తెరుచుకునే ద్వారం దగ్గర ఉండకట్టి ఆగుతుంది. మిగతాది పేగులోకి సాగుతుంది.

పిల్లి చిన్నపేగు పొడవు సుమారు మీటరు నుంచి మీటరున్నర. తిన్నదాన్ని ముందుకు నెట్టడం దాని పని. దారాన్నీ అలాగే నెట్టబోతుంది. పైన ఇరుక్కున్న దారం కదలదు. అది కదలకపోయేసరికి పేగే దారం మీదికి ఎక్కుతుంది. లంగా బొందు లాగితే నడుం పట్టీ కుచ్చులు కుచ్చులుగా ముడుచుకున్నట్టు పేగు మొత్తం ముడుచుకుపోతుంది. అయినా నెట్టడం ఆపదు. నెట్టినకొద్దీ బిగిసిన దారం పేగు లోపలి అంచును కోస్తుంది, ఒకచోట కాదు, ముడత పడిన ప్రతిచోటా. చిల్లులు పడ్డాక పేగులోని మలినం కడుపు కుహరంలోకి చేరి పెరిటోనైటిస్, అంటే కడుపు లోపలి పొరకు వాపు, మొదలవుతుంది. అక్కడి నుంచి పిల్లిని వెనక్కి తేవడం కష్టం.

నూలు దారమైతే అరుగుతుందిలే అనుకునేవాళ్లున్నారు. అరగదు. నూలంటే సెల్యులోజ్, దాన్ని జీర్ణం చేసుకునే శక్తి పిల్లికి లేదు. పాలిస్టరు, నైలాను సంగతి చెప్పనే అక్కర్లేదు. దారం వెంట సూది కూడా పోవడం అరుదేమీ కాదు. 1984లో అమెరికా పశువైద్య సంఘం పత్రికలో దారం, కుట్టుసూదులు మింగిన పిల్లుల మీద ఒక సమీక్షా వ్యాసం వచ్చింది. అందులో చర్చించిన కేసులు 64. ఆశ్చర్యంగా ఉంటుంది గానీ, దారంతో పాటు సూది కూడా మింగిన పిల్లికి ఒక విధంగా అదృష్టం ఉన్నట్టే. ఎక్స్‌రేలో సూది తెల్లగా కనబడుతుంది, దారం అసలు కనబడదు. దారం ఒక్కటే ఉంటే ముడుచుకున్న పేగు ఆకారాన్ని, అందులో కామా గుర్తుల్లా చిక్కిన గాలి బుడగలను చూసి డాక్టరు ఊహించుకోవాలి, లేదా అల్ట్రాసౌండ్ చేయాలి.

తెనాలి రామకృష్ణుడి పిల్లి కాగే పాలలో మూతి పెట్టి కాల్చుకుంది, ఆ తర్వాత పాలగిన్నె చూస్తేనే పారిపోయింది. దారం విషయంలో పిల్లికి అలాంటి బుద్ధి రాదు. నొప్పి మొదలయ్యేసరికి మింగిన సంగతి ఎప్పుడో వెనకబడిపోయి ఉంటుంది. బతికి బయటపడ్డ పిల్లి మళ్లీ దారం కనబడితే మళ్లీ దూకుతుంది.

“రెండ్రోజులు చూద్దాం”

ఈ జబ్బులో దారం కన్నా ఎక్కువ నష్టం చేసేది ఈ మాటేనని నా అభిప్రాయం. పిల్లి వాంతి చేసుకుంటే ఎవరూ కంగారుపడరు. గడ్డి తిన్నదిలే అంటారు, వెంట్రుకల ఉండ పడేసిందిలే అంటారు. చాలాసార్లు అది నిజం కూడా. కానీ వెంట్రుకల ఉండ కక్కిన పిల్లి కాసేపటికి వచ్చి గిన్నె దగ్గర కూర్చుంటుంది. దారం ఇరుక్కున్నది మళ్లీ మళ్లీ కక్కుతుంది, తిండి ముట్టదు, బీరువా కిందో బియ్యం బస్తా వెనకో దూరి బయటికి రాదు, పొట్ట మీద చెయ్యి వేస్తే గుర్రుమంటుంది. కొన్ని చొంగ కారుస్తాయి, మూతిని పంజాతో తుడుచుకుంటూనే ఉంటాయి. దారం పేగును పూర్తిగా మూసేయదు కాబట్టి విరేచనం అవుతూనే ఉండవచ్చు. “దొడ్డికి పోయింది, బాగానే ఉంది” అని ఇంట్లోవాళ్లు మోసపోయేది ఇక్కడే.

తిరువళ్లూరు వాళ్లకు దేవుడే వైద్యుడు. అహోబిల మఠం చూసుకునే వీరరాఘవుడి గుడిలో స్వామికి వైద్య వీరరాఘవుడని పేరు, అమావాస్యకు కోనేట్లో బెల్లం వదిలి మొక్కుకునేవాళ్లతో గుడి నిండిపోతుంది. మనుషుల రోగానికి దేవుడితో పాటు డాక్టరూ ఉన్నాడు. ఆవుకు, మేకకు కూడా ఊళ్లో ప్రభుత్వ పశువైద్యుడున్నాడు. పిల్లిని రోగి అనుకునే అలవాటే మనకు ఇంకా రాలేదు. దానంతటదే తిని, దానంతటదే బాగుపడాలి. పాలిచ్చే గేదె రెండు పూటలు మేత ముట్టకపోతే ఇల్లంతా లేస్తుంది. పిల్లి రెండు పూటలు కనబడకపోతే “ఎక్కడో తిరుగుతోంది” అని సరిపెట్టుకుంటాం.

చూద్దాం అనేవాళ్ల కన్నా ఒక్కోసారి వెంటనే ఏదో ఒకటి చేసేవాళ్లతో ఎక్కువ ముప్పు. నోటి నుంచో వెనక నుంచో దారం కొస వేలాడుతుంటే ఎవరికైనా చెయ్యి ఊరుకోదు. లాగకూడదు. లోపల పేగు దాని మీద ముడుచుకుని ఉంటే ఆ ఒక్క గుంజుతోనే చిల్లు పడొచ్చు. ఆముదం తాగించకూడదు, ఉప్పునీళ్లు పోసి కక్కించకూడదు, అన్నం బలవంతంగా తినిపించకూడదు. నొప్పిగా ఉందేమోనని ఇంట్లో ఉన్న పారాసిటమాల్ ముక్క వేస్తే దారం కన్నా ముందే ఆ మాత్ర చంపవచ్చు. ఆ మందును విరిచే శక్తి పిల్లి కాలేయానికి లేదు.

డాక్టరు మొదట చూసేది నాలుక కింద. దవడ కింది మెత్తటి భాగాన్ని బొటనవేలితో పైకి నొక్కితే నాలుక లేస్తుంది, అడుగున దారం గీత కనబడవచ్చు. అది కండలోకి కోసుకుపోయి దాక్కుంటే మత్తు ఇచ్చి చూడాల్సిందే. అప్పుడే మింగి, ఇంకా హుషారుగా ఉన్న పిల్లి అయితే, నాలుక దగ్గర ఇరుక్కున్న దారం కత్తిరించి, లోపలిది దానంతటదే జారుతుందేమోనని ఆస్పత్రిలోనే ఉంచి గమనించడం కొన్నిసార్లు చేస్తారు. ఆ నిర్ణయం ఇంట్లో తీసుకునేది కాదు. మిగతా వాటికి ఆపరేషనే. జీర్ణాశయాన్ని కోసి, పేగును అవసరమైనన్ని చోట్ల కోసి దారాన్ని ముక్కలు ముక్కలుగా తీస్తారు. పేగుకు ఒక్క కోతే పెట్టి, దారం కొసను మెత్తటి రబ్బరు గొట్టానికి కట్టి, పేగు వెంట కిందికి జార్చి మలద్వారం గుండా బయటికి లాగే పద్ధతి కూడా ఉంది. పేగులో ఒక భాగం నల్లబడిపోతే దాన్ని కత్తిరించి రెండు చివరలూ కలిపి కుట్టాలి. చిల్లు పడకముందు వచ్చిన పిల్లులు చాలావరకు కోలుకుంటాయి.

వేపేరీకా, తిరుపతికా

1960 ఏప్రిల్ 1న తిరుత్తణి తాలూకా చిత్తూరు జిల్లా నుంచి మద్రాసు రాష్ట్రానికి మారింది. ఇళ్లలో తెలుగు అలాగే ఉంది, ఆస్పత్రి అవసరం వచ్చినప్పుడు రెండు వైపులా చూసే అలవాటు కూడా అలాగే ఉంది. ఇక్కడి పిల్లికి అదే కలిసొస్తుంది. ఊళ్లోని పశువైద్యశాలకు ముందుగా ఫోన్ చేయడం మంచిది. ఆవులు, మేకల మధ్య పనిచేసే డాక్టరే అయినా నాలుక కింద చూసి, పొట్ట తడిమి అనుమానం ఎంతవరకో చెప్పగలరు. సెలైను ఎక్కించి పంపగలరు. స్కానింగు, ఆపరేషను కావాలంటే ఒకవైపు చెన్నై వేపేరీలో మద్రాసు పశువైద్య కళాశాల ఆస్పత్రి ఉంది, 1903 నుంచి నడుస్తున్న సంస్థ అది. మరోవైపు తిరుపతిలో 1955లో మొదలై ఇప్పుడు శ్రీ వేంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయం కింద ఉన్న కళాశాల. తిరువళ్లూరు వాళ్లకు లోకల్ రైలు ఉంది కాబట్టి వేపేరీయే దగ్గర. తిరుత్తణి, పళ్లిపట్టు వాళ్లు ఏ బండి ముందు దొరికితే ఆ వైపు పోవడం తెలివైన పని.

నివారణకు పెద్ద ఖర్చేమీ లేదు. మగ్గం గది తలుపు మూసేయమని చెప్పడం తేలిక. కానీ పిల్లికి పని ఉన్నదే ఆ గదిలో, అదీ రాత్రిపూట. మగ్గం మీద బిగిసి ఉన్న పడుగుతో కన్నా నేల మీది తెగుపోగులతో ముప్పు ఎక్కువ. దీపం ఆర్పేముందు ఒక్కసారి ఊడ్చి మూత ఉన్న డబ్బాలో వేస్తే, కండెల గంప మీద బరువైన పళ్లెం బోర్లిస్తే చాలావరకు సరిపోతుంది. పొట్లం విప్పిన దారం ఆ క్షణమే మూతబుట్టలోకి పోవాలి. పూలచెండు దారమూ అంతే. పిల్లలు పిల్లిని ఆడించాలంటే కాగితం ఉండ ఉంది, పింగ్‌పాంగ్ బంతి ఉంది.

ఇంత చేసినా ఒకరోజు అనుమానం వస్తే, పిల్లిని గాలి ఆడే మూతబుట్టలో పాత తువ్వాలు పరిచి కూర్చోబెట్టండి. తిండీ నీళ్లూ పెట్టకుండా తీసుకెళ్లండి. వేలాడే కొస ఉంటే దాన్ని కదపకండి, పిల్లి మరికాస్త మింగకుండా మాత్రం చూస్తూ ఉండండి. ఆ దారం ఏ కండెదో, ఏ చెండుదో తెలిస్తే మిగిలిన ముక్క కూడా వెంట పట్టుకెళ్లండి. నూలా, నైలానా, ఎంత లావు, సూది ఉందా లేదా అనేవే డాక్టరు ముందుగా అడిగే ప్రశ్నలు.