మననం

పాఠశాలలో గంట మ్రోగగానే ఆనాటి పాఠం ముగుస్తుంది. బోధన అక్కడితో ఆగవచ్చు కాని అభ్యసనం ఆగదు. విన్న పాఠం, చేసిన ప్రయోగం, సమర్పించిన ప్రాజెక్టు విద్యార్థి సొంతం కావడానికి మరొక మెట్టు మిగిలి ఉంటుంది. తాను ఏమి చేశాడో, అది అలా ఎందుకు జరిగిందో, తనకు ఇంకా ఏమి తెలియలేదో విద్యార్థి వెనుదిరిగి చూచుకొనడమే ఆ మెట్టు. దానికి మన పెద్దలు పెట్టిన పేరు మననం.

బృహదారణ్యకోపనిషత్తులో యాజ్ఞవల్క్యుడు మైత్రేయికి ఆత్మజ్ఞానాన్ని ఉపదేశించే సందర్భంలో శ్రవణ, మనన, నిదిధ్యాసనాల ప్రసక్తి కనిపిస్తుంది. గురుముఖంగా వినడం శ్రవణం. విన్నదానిని యుక్తితో పరీక్షించుకొనడం మననం. నిశ్చయమైన విషయంపై మనస్సును నిలపడం నిదిధ్యాసనం. అక్కడి విషయం ఆధ్యాత్మికమే అయినా ఆ క్రమం ఏ విద్యకైనా వర్తిస్తుంది. నేటి తరగతి గదిలో శ్రవణానికి లోటు లేదు. కొరవడుతున్నది మననమే.

మననాన్ని వల్లెవేయడంతో పొరబడరాదు. వల్లెవేసేవాడు పుస్తకంలో ఏమున్నదో గుర్తు చేసుకొంటాడు. మననం చేసేవాడు పుస్తకంలో ఉన్నదానికీ తాను చూచినదానికీ పొంతన ఉన్నదా అని ప్రశ్నించుకొంటాడు. మొదటిది జ్ఞాపకశక్తికి పరీక్ష. రెండవది నిజాయితీకి కూడా పరీక్ష.

ఆధునిక విద్యావేత్తలు సైతం ఈ విషయాన్ని గుర్తించారు. అమెరికా తత్త్వవేత్త జాన్ డ్యూయీ 1910లో ప్రచురించిన 'హౌ వి థింక్' గ్రంథంలో ఆలోచన సందేహం నుండి పుడుతుందని ప్రతిపాదించాడు. ఆయన బాటలో నడిచిన కిల్‌పాట్రిక్ 1918లో ప్రాజెక్టు పద్ధతిని వివరిస్తూ వ్యాసం వ్రాశాడు. మన దేశంలో గాంధీజీ 1937లో వార్ధా సమావేశంలో చేతిపని కేంద్రంగా సాగే విద్యను సూచించాడు. 2005 నాటి జాతీయ విద్యా ప్రణాళిక చట్రం పాఠశాలలోని చదువును బయటి జీవితంతో ముడిపెట్టాలని, బట్టీ విధానానికి స్వస్తి చెప్పాలని కోరింది. ఆంధ్రప్రదేశ్‌లో 2011 నాటి విద్యా ప్రణాళిక పరిధి పత్రం తరువాత వచ్చిన మూల్యాంకన విధానంలో ప్రాజెక్టు పనులకూ, విద్యార్థుల ప్రతిస్పందనలకూ స్థానం లభించింది.

అయితే ప్రాజెక్టు చేసినంత మాత్రాన మననం చేసినట్లు కాదు. ఈ భేదాన్ని గ్రహించడానికి ఒక ఉదాహరణను ఊహించుకొందాం.

హైదరాబాదులోని ఒక ఉన్నత పాఠశాలలో తొమ్మిదవ తరగతి చదివే బాలికకు నీడను కొలిచే ప్రాజెక్టు ఇచ్చారు. సెప్టెంబరు 23వ తేదీన, అంటే పగలూ రాత్రీ ఇంచుమించు సమానంగా ఉండే సమయంలో, మధ్యాహ్నవేళను నీడ ద్వారా నిర్ణయించాలి. ఇది మనకు క్రొత్త విద్య కాదు. నేలపై వృత్తం గీచి, దాని నడుమ శంకువు అనే కర్రను నిలిపి, నీడ కొన వృత్తాన్ని తాకిన రెండు స్థానాలను బట్టి తూర్పు పడమరలను నిర్ణయించే పద్ధతి కాత్యాయన శుల్బసూత్రాలలోనే ఉన్నది. సూర్యసిద్ధాంతం కూడా పన్నెండు అంగుళాల శంకువు ఛాయతో లెక్కలు చెబుతుంది.

ఆ బాలిక ఆటస్థలంలో ఒక మీటరు పొడవు గల కర్రను పాతింది. దారానికి రాయి కట్టి వేలాడదీసి, కర్ర నిటారుగా ఉన్నదని సరిచూచుకొన్నది. కర్ర చుట్టూ అరవై సెంటీమీటర్ల వ్యాసార్ధంతో వృత్తం గీచింది. ఉదయం 10 గంటల 25 నిమిషాలకు నీడ కొన వృత్తాన్ని తాకి లోపలికి ప్రవేశించింది. తిరిగి 1 గంట 53 నిమిషాలకు వృత్తాన్ని తాకి బయటకు వెళ్లింది. నీడ అతి పొట్టిగా ఉన్నప్పుడు దాని పొడవు సుమారు 31 సెంటీమీటర్లు. మొదటి రెండు సమయాలకు సరిగా నడుమ ఉన్నదే మధ్యాహ్నం. లెక్క కట్టగా 12 గంటల 9 నిమిషాలు అని తేలింది.

ఆమె కలత చెందింది. మధ్యాహ్నమంటే పన్నెండు గంటలని చిన్ననాటి నుండి విన్నది. తోటి విద్యార్థులందరూ పన్నెండు అనే వ్రాస్తున్నారు. తన గడియారమో, తన కొలతో తప్పై ఉంటుందని భావించి, చిత్తుపుస్తకంలోని 12.09ని విడిచి ప్రాజెక్టు పుస్తకంలో 12.00 అని వ్రాసింది. రంగుల పటాలతో అలంకరించింది. పూర్తి మార్కులు వచ్చాయి.

రెండు వారాల తరువాత భూగోళ శాస్త్రంలో రేఖాంశాల పాఠం జరిగింది. భారత ప్రామాణిక కాలం 82½ డిగ్రీల తూర్పు రేఖాంశాన్ని అనుసరిస్తుందని, ఒక డిగ్రీకి నాలుగు నిమిషాల చొప్పున స్థానిక కాలం మారుతుందని ఉపాధ్యాయురాలు చెప్పింది. హైదరాబాదు సుమారు 78½ డిగ్రీల వద్ద ఉన్నది. భేదం నాలుగు డిగ్రీలు, అంటే పదహారు నిమిషాలు. ఆ సాయంత్రం 'నేను నేర్చుకొన్నది' అనే పుట వ్రాయడానికి కూర్చున్న బాలికకు చిత్తుపుస్తకంలోని తొమ్మిది నిమిషాలు గుర్తుకు వచ్చాయి. హైదరాబాదులో సూర్యుడు గడియారపు పన్నెండు గంటలకు నడినెత్తి రేఖను చేరనవసరం లేదన్న మాట. ఆమె తప్పని కొట్టివేసినదే నిజం. నిజమని వ్రాసినదే తప్పు.

మరునాడు ఆమె రెండు పుస్తకాలనూ తీసుకొని ఉపాధ్యాయురాలి వద్దకు వెళ్లి జరిగినది చెప్పింది. ఉపాధ్యాయురాలు ఆమెను మందలించలేదు, మార్కుల ప్రసక్తి తేలేదు. "పదహారు రావలసిన చోట తొమ్మిదే వచ్చింది కదమ్మా! మిగిలిన ఏడు నిమిషాల సంగతి ఏమిటి?" అని మాత్రం అడిగింది. బాలికకు తెలియలేదు. ప్రాజెక్టు పుస్తకంలో 12.00ని కొట్టివేసి 12.09 అని వ్రాసి, దాని క్రింద "పదహారు నిమిషాల కారణం తెలిసింది. ఏడు నిమిషాల భేదానికి కారణం నాకు తెలియదు" అని చేర్చింది.

ఆమె ప్రాజెక్టు పుస్తకంలో అన్నిటికంటె విలువైన వాక్యం అదే. తెలియదని వ్రాసిన చోటే తెలుసుకొనడం మొదలవుతుంది.

మార్చి 21వ తేదీన ఆమె అదే కర్రను, అదే వృత్తంతో మళ్లీ నిలిపింది. ఈసారి నీడ వృత్తాన్ని తాకిన సమయాలు 10.39, 2.07. నడిమి సమయం 12 గంటల 23 నిమిషాలు. పదహారుకు అదే ఏడు నిమిషాల భేదం, కాని ఈసారి ఎక్కువగా! అప్పుడు భౌతికశాస్త్ర ఉపాధ్యాయుడు అసలు విషయం వివరించాడు. భూమి కక్ష్య సంపూర్ణ వృత్తం కాదు. భూమి అక్షం ఏటవాలుగా ఉన్నది. ఈ రెండు కారణాల వలన సూర్యుని గమనం గడియారం వలె ఏడాది పొడవునా ఒకే తీరుగా కనిపించదు. సెప్టెంబరు చివర సూర్యుడు గడియారం కంటె సుమారు ఏడు నిమిషాలు ముందుంటాడు. మార్చి మూడవ వారంలో అంతే వెనుకబడతాడు. మొదటి నాడే 12.00 అని వ్రాసి మరచిపోయి ఉంటే ఈ ఎరుక ఆమెకు కలిగేది కాదు.

ఈ ఉదాహరణలోని బాలిక చేసినది ఒకే ప్రాజెక్టు. కాని దానిలో గణితం, భూగోళం, భౌతికశాస్త్రం కలిశాయి. వాటిని కలిపినది పాఠ్యప్రణాళిక కాదు, ఆమె మననం. మార్కుల కోసం చేసిన పని మార్కులతో ముగిసింది. మననం చేసిన పని ఆరు నెలల తరువాత కూడా ఆమెను ఎండలో నిలబెట్టింది.

నేడు సిద్ధం చేసిన నమూనాలు అంగడిలో దొరుకుతున్నాయి. అంతర్జాలంలో వెదకితే పుటలకు పుటలు క్షణాలలో లభిస్తాయి. అడిగితే వ్యాసం వ్రాసిపెట్టే యంత్రాలు కూడా వచ్చాయి. వాటి నుండి సమాచారం పొందడంలో దోషం లేదు. కాని ఫలానా రోజున ఫలానా చోట నీడ ఎంత పొడవున్నదో, దానిని చూచినప్పుడు తనకు ఏ సందేహం కలిగిందో విద్యార్థి తప్ప మరెవ్వరూ చెప్పలేరు. అరువు తెచ్చుకొన్న ప్రాజెక్టులో పొరపాట్లు ఉండకపోవచ్చు. అందుకే దానిలో నేర్చుకొనడానికీ ఏమీ ఉండదు.

మననానికి పెద్ద సాధనాలు అక్కరలేదు. వారానికి ఒక పుట చాలు. ఈ వారం ఏమి చేశాను? ఏమి జరుగుతుందని అనుకొన్నాను? నిజంగా ఏమి జరిగింది? ఆ రెండింటి మధ్య భేదం ఎందుకు వచ్చింది? ఇంకా ఏమి తెలియలేదు? ఈ ప్రశ్నలకు ఉన్నదున్నట్లు సమాధానం వ్రాయాలి. చిత్తుపుస్తకాన్ని పారవేయరాదు. కొట్టివేతలను దాచరాదు.

కళాశాలలో అడుగుపెట్టిన విద్యార్థికి ఈ అలవాటు మరింత అవసరం. ప్రయోగశాలలో రావలసిన విలువ ముందే తెలిసి ఉన్నప్పుడు, వచ్చిన విలువను దానికి అనుగుణంగా దిద్దుకోవాలనే ప్రలోభం ప్రతివానికీ కలుగుతుంది. ఆ క్షణంలో కలాన్ని ఆపి, భేదం ఎందుకు వచ్చిందని ఆలోచించగలిగినవాడే నిజమైన విద్యార్థి. పరీక్షలో వ్రాసిన సమాధానాలను కాలం మరపిస్తుంది. తన పొరపాటును తానే వెదకి పట్టుకొన్న నాటి ఎరుక మాత్రం జీవితాంతం తోడుంటుంది.