దవడ ఎదుగుదల

శిశువు పుట్టినపుడు క్రింది దవడ రెండు తునకలుగా నుండును. అవి గడ్డముకడ అతుకుకొని ఒక్క యెముక యగుటకు ఇంచుమించు ఒక సంవత్సరము పట్టును. అటుపిమ్మట గడ్డము ముందుకు సాగుచున్నట్లు మనకు తోచును. కాని కొత్త యెముక హెచ్చుగా చేరునది వెనుకవైపుననే! దవడ వెనుక చెవివైపునకు నిలువుగా లేచిన భాగము కలదు. దాని కీలుకడను వెనుక అంచునను ఎముక చేరుచుండును. ముందరి అంచు కరగుచుండును. అట్లు ఖాళీయైన చోట ఆరవయేటను పండ్రెండవయేటను పెద్ద దంతములు మొలచును. పదునెనిమిదవ శతాబ్దమున జాన్ హంటర్ అను వైద్యుడు పందులకు మంజిష్ఠజాతి వేరు కలిపిన మేత పెట్టి యీ సంగతిని కనుగొనెను. ఆ మేత తినునపుడు చేరిన యెముక ఎఱ్ఱబారును.

బాల్యమున బాలబాలికల దవడలకు భేదము స్వల్పము. బాలురది సగటున కొంచెము పెద్దది. అయినను శాశ్వతదంతములు బాలికలకే కొన్ని నెలలు ముందుగా వచ్చును. అసలు భేదము యౌవనారంభమున పొడసూపును. బాలికలకు సుమారు 10–12 ఏండ్ల నడుమ పెరుగుదల వేగమందుకొనును. బాలురకు దాదాపు రెండేండ్లు వెనుకగా. అందుచేతనే ఎనిమిదవ తరగతిలో ఒక బాలిక ముఖము పెద్దతనమును పొందగా, ఆమె యీడు బాలుని ముఖము పసితనము వీడకుండును. అతనిని చూచి నవ్వు తోటివారు తొందరపడుచున్నారనవలెను. బాలికల దవడ పదునైదు, పదునారేండ్లకు చాలవరకు ఎదుగుట మానగా, బాలురది పదునెనిమిది దాటియు కొంత పెరుగును. కావుననే పురుషుల దవడ పెద్దదై, మూలలు తేలి, గడ్డము బలిసి కనబడును. ఇవి సగటు లెక్కలు మాత్రమే; ఇంటి పోలికలు వేరుగా నుండవచ్చును.

1931లో అమెరికాలోని క్లీవ్‌లాండు నగరమున బ్రాడ్‌బెంట్ అను దంతవైద్యుడు తలను కదలకుండ నిలుపు చట్రముతో ఎక్స్‌రే చిత్రములు తీయు పద్ధతిని ప్రకటించెను. ఒకే బిడ్డ తలను ఏటేట ఒకే తీరున చిత్రించి, పాతదానితో క్రొత్తదానిని పోల్చుట దానివలన సాధ్యమయ్యెను.

ఈ భేదము దంతవైద్యునకు మిక్కిలి ముఖ్యము. క్రింది దవడ వెనుకబడిన పిల్లలకు ఎదుగుదల వేగముగా నున్నపుడే నోటి అమరికలు ఎక్కువ తోడ్పడును. వేగము తగ్గిన పిదప అవి పండ్లను జరుపునే కాని దవడను అంతగా మార్చలేవు. అబ్బాయికి పదమూడవయేట చికిత్స జరిగినది గదా యని అమ్మాయికిని పదమూడు నిండువరకు తల్లిదండ్రులు వేచియున్నచో, ఆమెకు అదను దాటిపోవచ్చును. క్రింది దవడ మిక్కిలి ముందుకు పెరిగిన వారి సంగతి వేరు. వారికి శస్త్రచికిత్స చేయుటకు ఎదుగుదల నిలుచువరకు ఆగవలెను. కొన్ని నెలల యెడముతో తీసిన రెండు చిత్రములలో మార్పు లేకున్ననే వైద్యులు అందుకు పూనుకొందురు. సాధారణముగా బాలురు బాలికలకంటె హెచ్చుకాలము ఆగవలసివచ్చును.